జడకొస, కత్తెర

మొన్న ఆదివారం భోజనాలయ్యాక కాస్త నడుం వాలుద్దామని గదిలోకి వెళ్లాను. మా మనవరాలు అద్దం ముందు నిలబడి, జుట్టంతా భుజం మీంచి ముందుకు వేసుకుని, చేతిలో కత్తెరతో కనిపించింది. నా గుండె జారిపోయిందంటే నమ్మండి.

"ఏమిటే ఆ పని! ఆడపిల్ల జుట్టు మీద కత్తెరేమిటే?" అన్నాను.

"చివర్లు చిట్లాయి అమ్మమ్మా. అరంగుళం తీసేస్తే సరిపోతుంది. ఈ మాత్రానికి పార్లరుకి పరిగెత్తాలా?" అంది, వెనక్కి తిరక్కుండానే.

ఈ విద్య దానికి 2020లో అబ్బింది. కరోనా వచ్చి లాక్‌డౌన్‌లో పార్లర్లన్నీ మూతపడినప్పుడు నేర్చుకుంది. చిన్న పాయ తీసుకుని తాడులా మెలిపెడుతుంది. ఆ మెలికలోంచి ముళ్లలా బయటికి పొడుచుకొచ్చిన కొసల్ని మాత్రమే, చీలిక మొదలైన చోటికి కాస్త పైగా కత్తిరిస్తుంది. ఆ కత్తెరని మరే పనికీ వాడనివ్వదు. పాలప్యాకెట్టు కొయ్యడానికి అడిగితే కళ్లెర్రజేస్తుంది. మొద్దుబారిన కత్తెర వెంట్రుకని కొయ్యదట, నలుపుతుందట. నలిగిన చోటే మళ్లీ చీలుతుందట. ఏమాటకామాటే చెప్పుకోవాలి, దాని వాదన సబబే.

వెంట్రుక పైన ఇంటి పెంకుల్లా ఒకదానిమీద ఒకటి కప్పుకున్న సన్నని పొరలుంటాయి. ఎండకీ, దువ్వెనకీ, తడితల గట్టిగా తుడుచుకోవడానికీ ఆ పెంకులు లేచిపోతాయి. లోపలి పోగులు పాత తాడు కొసలా విడిపోతాయి. జుట్టు పెరిగేది నెలకి సుమారు అరంగుళం. ఆ లెక్కన నడుం దాకా జడ ఉన్న పిల్ల జడకొస ఏ ఐదేళ్ల క్రితమో పుట్టిందన్నమాట! ఐదేళ్ల ఎండలూ, ఐదేళ్ల తలంట్లూ చూసిన కొస చిట్లిందంటే దాని తప్పేముంది పాపం? చిట్లిన కొస ఏ నూనెతోనూ అతకదు. కత్తిరించినంత మాత్రాన జుట్టు గబగబా పెరుగుతుందన్న మాటా నిజం కాదు. పెరిగేది కుదుళ్ల దగ్గర కదా, కొసతో దానికేం సంబంధం?

ఈ చిట్లిన కొసల బెడద మనకొక్కళ్లకే కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో పాశ్చాత్య దేశాల్లో వెంట్రుకని ఒక గొట్టం అనుకునేవారు. కత్తిరిస్తే అందులోని సారం కారిపోతుందని భయపడి, సన్నని మైనపు వత్తి వెలిగించి కొసల్ని కాల్పించుకునేవారు. వాళ్లతో పోలిస్తే మా పిల్ల కత్తెర ఎంతో నయం.

మరి ఇంత చిన్న పనికి నా గుండె ఎందుకు జారినట్టు? పక్క మీద వాలానే గాని కునుకు పట్టలేదు. ఆలోచించగా ఆలోచించగా ఒక సంగతి తట్టింది. మన ఇళ్లల్లో ఆడదాని జుట్టుకి కత్తెర తగలకపోవడమేం లేదు. తగులుతూనే ఉంది. కాకపోతే ఆ కత్తెర ఎప్పుడూ ఆమె చేతిలో లేదు.

పుట్టువెంట్రుకలు తీసేనాడు మేనమామ వచ్చి తొలి కత్తెర వేస్తాడు. పిల్లకి ఊహే తెలియదు. కాస్త పెద్దయ్యాక ఏ జ్వరమో వస్తే ఇంట్లో పెద్దవాళ్లు వెంకన్నకి మొక్కుతారు. తిరుమల కల్యాణకట్టలో కూచుని గుండో, మూడు కత్తెర్లో ఇచ్చి రావాలి. భక్తితో, ఇష్టంతో ఇచ్చేవాళ్లున్నారు, వాళ్లని నేనేమీ అనను. మూడోది ఉంది చూశారూ, దాన్ని తలుచుకుంటేనే మనసు మొద్దుబారుతుంది. అక్కడ కత్తెర కూడా కాదు, మంగలికత్తి.

మా అమ్మమ్మకి అక్కగారు ఒకావిడ ఉండేది. పెద్దమ్మమ్మ అనేవాళ్లం. రాజమండ్రికి పది కోసుల దూరంలో ఒక అగ్రహారం వాళ్లది. ఎనిమిదో ఏట పెళ్లి, పదకొండో ఏట వైధవ్యం. వయసొచ్చాక జుట్టు తీయించేశారు. అది 1905 ప్రాంతం. ఆ రాజమండ్రిలోనే వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిపించి అప్పటికే ఇరవై ఏళ్లు దాటింది. దేశంలో వితంతువుల పెళ్లికి చట్టమైతే 1856లోనే వచ్చింది. కాని చట్టం పెళ్లి సంగతి చెప్పిందే తప్ప కత్తి సంగతి చెప్పలేదు. పంతులుగారి కబురు పది కోసులు నడిచి మా వాళ్ల అగ్రహారానికి చేరలేదు. నెలకోసారి పెరటి గుమ్మం దగ్గరికి క్షురకుడు మాత్రం క్రమం తప్పకుండా వచ్చేవాడు.

1890లో బొంబాయిలో క్షురకులు కొందరు సభ చేసి, ఇకమీద వితంతువుల తలలు గొరగబోమని తీర్మానించుకున్నారు. కార్మిక నాయకుడు నారాయణ్ మేఘాజీ లోఖండే వాళ్లకి అండగా నిలిచాడు. చదివినప్పుడు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. వెంటనే ఇంకొకటీ తోచింది. కత్తి పట్టినవాడికి "నేను చెయ్యను" అనే వీలుంది. తల వంచినావిడకి ఆ మాట అనే వీలేదీ?

జుట్టు తీసేసుకునే స్వేచ్ఛ కోసం పడ్డ పాట్లు ఇంకోరకం. 1914లో అమెరికాలో ఐరీన్ కాజిల్ అనే నాట్యకత్తె ఆపరేషన్‌కి ఆస్పత్రిలో చేరుతూ, మంచం మీద జడ చిక్కుపడుతుందని పొట్టిగా కత్తిరించేసుకుంది. అదే పెద్ద ఫ్యాషనై కూచుంది. 1920ల్లో ఆడవాళ్లు ఆ కత్తిరింపు కోసం మగవాళ్ల క్షౌరశాలల ముందు బారులు తీరారట! తండ్రులూ మొగుళ్లూ గోల పెట్టారు. ఇక్కడ తీసెయ్యాలని బలవంతం, అక్కడ తియ్యకూడదని బలవంతం. మొత్తానికి ఆడదాని జుట్టు మీద ఆవిడకి తప్ప అందరికీ హక్కుంది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, 1964లో అనుకుంటాను, జడకొసలు చిట్లాయని బళ్లో ఒక పిల్ల వెక్కిరించింది. ఇంటికొచ్చి, కుట్టుమిషను సొరుగులోంచి బట్టల కత్తెర తీసి, జడ ముందుకు వేసుకుని ఒక్క కోత కోశాను. బెత్తెడు తెగి ఒళ్లో పడింది, అదీ వంకరగా. అమ్మ చూసింది. వీపు మీద రెండు పడ్డాయి. "శుభమా అని పచ్చగా ఉన్న కొంపలో ఇదేం అపశకునమే!" అని ఒకటే శోకాలు.

వసారాలో కూచుని వత్తులు చేసుకుంటున్న పెద్దమ్మమ్మ తలెత్తింది. "ఎందుకే దాన్ని కొడతావు? దాని జుట్టు, దాని చెయ్యి. ఎవరో పట్టుకుని కూచోబెట్టి తీయించలేదు కదా" అంది.

అమ్మ "అది కాదు దొడ్డమ్మా" అనబోయి ఆగిపోయింది. ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. పెద్దమ్మమ్మ నన్ను పిలిచి దగ్గర కూచోబెట్టుకుంది. నా చేతిలో కత్తెర తీసుకుని, వణికే వేళ్లతోనే చివర్లన్నీ సమం చేసింది. ఆవిడ చేతిలో కత్తెర చూడడం నాకదే మొదటిసారి. రాలిన ముక్కల్ని పారెయ్యకుండా అరచేతిలో పోగుచేసుకుని, వాటికేసి చూస్తూ చాలాసేపు అలాగే కూచుంది. జుట్టు ముక్కల్లో అంత చూడడానికేముందా అనుకున్నాను. తొమ్మిదేళ్ల బుర్రకి అంతకంటే ఏం తెలుస్తుంది?

ఈ ఆదివారం పక్క మీద పడుకుని అవన్నీ గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. అది కత్తెర తుడిచి పెట్టెలో పెట్టబోతూ నన్ను చూసింది. "అమ్మమ్మా, నీ చివర్లు కూడా చిట్లినట్టున్నాయి. ఇలా రా, తీస్తాను" అంది.

లేచి ముడి విప్పుకున్నాను. ఉన్నది పిడికెడు జుట్టు, అదీ తెల్లబడిందే. అద్దం ముందు కూచుని చెయ్యి చాపాను. "ఆ కత్తెర ఇలా ఇయ్యి. ఎలా మెలిపెట్టాలో చెప్పు, నేనే తీసుకుంటాను" అన్నాను.

కాస్త వంకరగానే వచ్చిందనుకోండి. ముడి వేసుకుంటే ఎవరికి కనిపిస్తుంది!