ఇతివృత్త ప్రదర్శన ప్రణాళిక: తెలుగునేల బౌద్ధశిల్పం ఆధారంగా ఒక అధ్యయనం

1. లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ప్రదర్శన విషయానికి, ఇతివృత్తానికి మధ్యగల తేడాను చెప్పగలుగుతారు.
• ఒకే శిల్పాలకు వేర్వేరు కాలాల్లో వేర్వేరు అర్థాలు ఎలా ఏర్పడ్డాయో వివరించగలుగుతారు.
• ఒక చిన్న గ్యాలరీకి ప్రణాళిక తయారుచేయగలుగుతారు.

2. పరిచయం

హైదరాబాదు తూర్పు అంచున, అవుటర్ రింగ్ రోడ్డు విజయవాడ జాతీయ రహదారిని కలిసేచోట పెద్ద అంబర్‌పేట్ ఉంది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ దాటి వచ్చిన బస్సులు ఇక్కడి నుంచి సూర్యాపేట వైపు సాగుతాయి. ఆ దారిన తూర్పుకు వెళ్తే రహదారికి ఎడమవైపు ఫణిగిరి, కుడివైపు నాగార్జునకొండ, కృష్ణ దిగువన అమరావతి ఉంటాయి. మూడూ ప్రసిద్ధ బౌద్ధక్షేత్రాలే.

ఈ మూడు క్షేత్రాల శిల్పంపై పెద్ద అంబర్‌పేట్‌లో ఒక గ్యాలరీ ఏర్పాటు చేసే పని మీకు అప్పగించారనుకోండి. ఉన్నది ఒక్క గది. అందులో పన్నెండు వస్తువులే పడతాయి. దేనిని ముందు పెడతారు? దేనిని వదిలేస్తారు?

'బౌద్ధశిల్పం' అనేది విషయం మాత్రమే. దాని కింద ఏ శిల్పాన్నైనా పెట్టవచ్చు. 'స్తూపాన్ని నిలబెట్టింది ఎవరు?' అనేది ఇతివృత్తం. దానికి జవాబు చెప్పే వస్తువులే గదిలోకి వస్తాయి. కాబట్టి ఇతివృత్తాన్ని ఎంచుకోవడమంటే చరిత్రలో ఎవరిని చూపాలో, ఎవరిని విడిచిపెట్టాలో నిర్ణయించడమే. ఈ నిర్ణయం ఎంత బరువైనదో అమరావతి శిల్పాల చరిత్ర తెలియజేస్తుంది.

3. అమరావతి రాళ్లు: మారిన చోట్లు

18వ శతాబ్ది చివర రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతి పట్టణాన్ని నిర్మించేటప్పుడు స్తూపపు ఇటుకలు, రాళ్లు ఆ పనులకు వాడారు. ఆ దశలోనే కాలిన్ మెకంజీ ఈ స్థలాన్ని చూశాడు. 1816లో తిరిగి వచ్చి తన బృందంతో శిల్పాల చిత్రాలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన పలకలు మొదట మద్రాసుకు, 1859లో లండన్‌కు తరలిపోయాయి. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి.

అక్కడ చాలాకాలం వాటిని ప్రధాన మెట్లదారి గోడలకు అమర్చి ఉంచారు. 1992లో గాని వాటికి ప్రత్యేక గ్యాలరీ ఏర్పడలేదు. ఇటు మద్రాసు మ్యూజియంలో పలకలను సిమెంటుతో గోడలకు బిగించారు. తేమ, లవణాలు చేరి రాయి దెబ్బతిన్నది.

ఇందులో మనం గమనించవలసిన అంశం మరొకటి ఉంది. స్తూపపు పలకలను భక్తులు కుడివైపుగా ప్రదక్షిణ చేస్తూ, ఒకదాని తరువాత ఒకటి చూసేవారు. గోడకు వరుసగా అమర్చినప్పుడు పలక మిగిలింది గాని ఆ నడక పోయింది.

4. ఒకే పేరు, రెండు అర్థాలు

1868లో జేమ్స్ ఫెర్గూసన్ సాంచి, అమరావతి శిల్పాలపై ఒక గ్రంథం ప్రచురించాడు. దాని పేరు 'ట్రీ అండ్ సర్పెంట్ వర్షిప్', అంటే చెట్టు పూజ, పాము పూజ. శిల్పాలలోని బోధివృక్షాన్ని, నాగరాజులను ఆయన ఒక ప్రాచీన 'తూరానియన్' జాతి మతానికి సాక్ష్యంగా చూశాడు. ఈ జాతి సిద్ధాంతాన్ని చరిత్రకారులు తరువాత తిరస్కరించారు.

2023 జూలై నుంచి నవంబర్ వరకు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో 'ట్రీ అండ్ సర్పెంట్' పేరుతో తొలి బౌద్ధకళ ప్రదర్శన జరిగింది. తరువాత అది సియోల్ నగరానికి వెళ్లింది. ఇందులో ఫణిగిరి తోరణపు అడ్డదూలం కూడా ఉంది. ఆ రాతిపై రెండువైపులా చెక్కడాలు ఉన్నాయి. స్థానికుల యక్ష, నాగ ఆరాధనలను బౌద్ధం తనలో ఎలా కలుపుకున్నదన్నది ఈ ప్రదర్శన ఇతివృత్తం. 'ఫణి' అంటే పాము, 'గిరి' అంటే కొండ. ఊరి పేరే ఈ ఇతివృత్తానికి సరిపోయింది. శిల్పాల్లో చెట్టూ పామూ అవే. వాటిని అడిగిన ప్రశ్న మారింది, వచ్చిన జవాబూ మారింది.

5. దాతలను ముందు నిలిపితే

ఇప్పుడు మన గదికి వద్దాం. రాజవంశాల క్రమంలో అమరిస్తే శాతవాహనులు, ఇక్ష్వాకులు కనిపిస్తారు. శైలి క్రమంలో అమరిస్తే శిల్పుల నైపుణ్యం కనిపిస్తుంది. దాతల క్రమంలో అమరిస్తే?

నాగార్జునకొండ మహాచైత్యం వద్ద స్తంభాలు నిలిపిన వారిలో శాంతిశ్రీ ముఖ్యురాలు. ఆమె ఇక్ష్వాకు రాజు శ్రీశాంతమూలుని సోదరి. అమరావతి శాసనాల్లో ఇంకొక దాత ఉన్నాడు. అతని పేరు విధికుడు, వృత్తి చర్మకారుడు. తల్లి, భార్య, సోదరులు, కుమారునితో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకను అతను దానం చేశాడు. నేటి ఆంధ్రప్రదేశ్ రాజచిహ్నంలో ఉన్నది అమరావతి శైలి పూర్ణఘటమే. శైలిని మాత్రమే చెప్పే గ్యాలరీలో ఆ కలశం మిగులుతుంది, విధికుని పేరు పోతుంది. దాతల గ్యాలరీలో రాజు సోదరి పక్కన చర్మకారుడు నిలుస్తాడు. 2024లో ఫణిగిరిలో ఒక కుండలో దొరికిన 3,730 సీసపు నాణేలు కూడా ఇక్కడ పనికివస్తాయి. ఆ క్షేత్రానికి సంపద ఎలా చేరిందన్న ప్రశ్నను అవి లేవనెత్తుతాయి.

6. ప్రణాళిక దశలు

(అ) ఇతివృత్తాన్ని ఒకే ప్రశ్నగా రాసుకోండి. ఆ ప్రశ్నకు సంబంధం లేని వస్తువు ఎంత అందమైనదైనా పక్కన పెట్టండి.

(ఆ) అసలు శిల్పం ఎక్కడ ఉందో నమోదు చేయండి. లండన్‌లోనో చెన్నైలోనో ఉన్నవాటికి ఛాయాచిత్రం లేదా నకలు వాడండి. అది నకలని లేబుల్‌పై స్పష్టంగా రాయండి.

(ఇ) సందర్శకుల నడకను కుడివైపు ప్రదక్షిణగా మలచండి.

(ఈ) రాయిని గోడకు శాశ్వతంగా అతికించవద్దు. విడిగా తీయగల ఆధారంపై నిలపండి.

(ఉ) లేబుల్‌లో దొరికిన చోటు, కాలం, దాత, ఇప్పుడున్న చోటు తప్పక ఉండాలి. రెండు వాక్యాల వివరణ చాలు.

7. సారాంశం

ప్రదర్శన కూడా చరిత్ర రచనే. పుస్తకంలో వాక్యాలు చేసే పని గ్యాలరీలో వస్తువుల వరుస చేస్తుంది. అమరావతి, ఫణిగిరి శిల్పాలు చోటు మారినప్పుడల్లా కొత్త అర్థం పొందాయి. ప్రణాళిక వేసేవారు తమ ప్రశ్నను సందర్శకులకు దాచకుండా చెప్పాలి. అప్పుడే వారు ఆ జవాబును పరీక్షించగలుగుతారు.

8. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. విషయానికి, ఇతివృత్తానికి తేడా ఏమిటి? ఒక ఉదాహరణ ఇవ్వండి.
2. 1868 నాటి గ్రంథం, 2023 నాటి ప్రదర్శన చెట్టును, పామును ఎలా అర్థం చేసుకున్నాయి?
3. విధికుని పలకకు నలభై పదాలు మించకుండా లేబుల్ రాయండి. అదే పలకను శైలి గ్యాలరీలో పెడితే ఏ పదాలు తొలగిపోతాయో గుర్తించండి.