429,49,67,297 (ఐదవ ఫెర్మా సంఖ్య)

ముప్పై రెండు 2లను గుణించగా వచ్చిన లబ్ధానికి ఒకటి కలిపితే వచ్చే పూర్ణసంఖ్య, అంటే 2³²+1. ఇది సంయుక్త సంఖ్య. దీని కారణాంకాలు 641, 67,00,417. రెండూ ప్రధాన సంఖ్యలే. ఫెర్మా సంఖ్యల వరుసలో 3ను సున్నావదిగా లెక్కిస్తారు కనుక దీనికి ఐదవ ఫెర్మా సంఖ్య అని పేరు.

ఫ్రాన్సులోని తులూజ్ న్యాయస్థానంలో అధికారిగా ఉన్న పియరీ ద ఫెర్మా 1640లో 3, 5, 17, 257, 65,537 అనే ప్రధాన సంఖ్యలను గమనించి, ఇదే తీరులో ముందుకు పోతే వచ్చేవన్నీ ప్రధానాలేనని నమ్మాడు. నిరూపణ తన దగ్గర లేదని ఒప్పుకున్నాడు కూడా. అదే ఏడాది 2³⁷−1కు 223 భాజకమని పట్టుకున్న మనిషి ఈ సంఖ్య దగ్గర ఆగిపోవడం ఆశ్చర్యమే. తరువాత దాదాపు తొంభై ఏళ్లపాటు ఆ నమ్మకం అలాగే నిలిచింది.

1729 డిసెంబరులో క్రిస్టియన్ గోల్డ్‌బాక్ ఈ విషయం ప్రస్తావిస్తూ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని లియొనార్డ్ ఆయిలర్‌కు ఉత్తరం రాశాడు. ఆయిలర్ మొదట అంతగా పట్టించుకోలేదు. 1732లో, తన పాతికేళ్ల వయసులో, ఈ సంఖ్యను 641 నిశ్శేషంగా భాగిస్తుందని ప్రకటించాడు. ఎలా కనుగొన్నాడో అప్పుడు చెప్పలేదు. తరువాతి వ్యాసంలో ఇచ్చిన నిరూపణ మాత్రం ఎంతో సొగసైనది: దీని ప్రధాన భాజకం ఏదైనా సరే, దాన్ని 64తో భాగిస్తే శేషం 1 రావాలి. కనుక 193, 257, 449, 577 దాటగానే ఐదవ ప్రయత్నంలోనే 641 తగులుతుంది. 1878లో ఎడ్వార్డ్ లూకా 64 స్థానంలో 128 ఉంచవచ్చని చూపడంతో 257, 641 మాత్రమే మిగిలాయి.

అసలు భాగహారమే చేయకుండా కూడా దీన్ని చూపవచ్చు. 640 అంటే 5×2⁷. 641తో భాగించినప్పుడు దాని శేషాన్ని −1గా తీసుకుంటే, దాని నాలుగవ ఘాతం 5⁴×2²⁸కు శేషం 1. 641 = 5⁴+2⁴ కూడా కనుక 5⁴ బదులు −2⁴ రాయవచ్చు. అప్పుడు −2³²కు శేషం 1. అంటే 2³²+1లో శేషం మిగలదు.

ఈ సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా రెండు విధాలుగా రాయవచ్చు: 65,536²+1², 62,264²+20,449². ఒక ప్రధాన సంఖ్యకు ఇది సాధ్యం కాదు.

కార్ల్ ఫ్రీడ్రిష్ గాస్ కృషి ఈ సంఖ్యలను రేఖాగణితంతో కలిపింది. వృత్తలేఖిని, స్కేలు మాత్రమే వాడి ఇన్ని భుజాల క్రమ బహుభుజిని గీయలేం. ఇంతకన్నా రెండు తక్కువైన 429,49,67,295 భుజాల బహుభుజిని సిద్ధాంతరీత్యా గీయవచ్చు, ఎందుకంటే ఆ సంఖ్య ఫెర్మా గుర్తించిన ఐదు ప్రధానాల లబ్ధం. అలా గీయదగినవిగా తెలిసిన బేసి భుజాల బహుభుజుల్లో అదే పెద్దది. అంతకు మించినది కావాలంటే కొత్త ఫెర్మా ప్రధానం దొరకాలి. ఐదవది మొదలు 32వది వరకు అన్నీ సంయుక్తాలేనని తేలింది. 33వది ఇంకా తేలలేదు.