దీపానికి ముందు దానం

పెద్దలు గతించాక వారిని గౌరవించడం ఎలా? పటానికి దండ వేసి ఊరుకుంటే చాలునా? యూదుల గురువొకరి చరిత్రలో దీనికి జవాబుంది, వినండి.

ఆయన పేరు మెనాఖెం మెండెల్ ష్నీర్సన్. శిష్యులు 'రెబ్బే' అంటారు, అంటే గురువుగారని. 1902లో, ఇప్పటి ఉక్రెయిన్‌లోని నికొలాయెవ్‌లో పుట్టారు. మతధర్మం విడిచిపెట్టనందుకు ఆయన తండ్రిని సోవియట్ ప్రభుత్వం 1939లో నిర్బంధించి, తరువాత కజకిస్తాన్‌లోని మారుమూల పల్లెకు పంపేసింది. తల్లి హనా గారు తరువాత భర్త దగ్గరికి వెళ్ళారు. అక్కడ రాసుకుందామంటే సిరా దొరకదు. ఆ ఇల్లాలు ఆకులూ, మూలికలూ ఏరి తెచ్చి స్వయంగా సిరా తయారుచేశారు! దానితో ఆయన రాసిన వ్యాఖ్యానాలు తరువాత అచ్చయ్యాయి. ఆయన మాత్రం 1944లో ఆ దేశంలోనే కన్నుమూశారు.

రెబ్బే 1941లో అమెరికా చేరారు. మామగారు 1950లో పోగా, మరుసటి ఏడు బ్రూక్లిన్‌లో గురుపీఠం స్వీకరించారు. 1974లో ఆడవాళ్ళకూ, చిన్న ఆడపిల్లలకూ కూడా ఒక పని అప్పజెప్పారు. శుక్రవారం పొద్దు గుంకకముందే ఇంట్లో సబ్బాతు దీపం వెలిగించాలి. వెలిగించే ముందు దానం డిబ్బీలో కాస్త చిల్లర వేయడం వారి ఇళ్ళలో పాత ఆచారమే.

1986 నుంచి ఆదివారాల్లో, ఎనభై దాటిన వయసులో, గంటల తరబడి నిలబడి వచ్చినవారికి తలా ఒక డాలరు ఇచ్చేవారు. ఖర్చు పెట్టుకోవడానికి కాదండీ, ఇంకొకరికి దానం చేయడానికి! ఇద్దరు కలుసుకుంటే మూడోవారికి మేలు జరగాలని మామగారు చెప్పిన మాటను అలా ఆచరణలో పెట్టారు. హీబ్రూలో దానాన్ని 'త్సెదకా' అంటారు. న్యాయం అనే మాటలోంచి పుట్టిందది. ఇవ్వడం దయ కాదు, మన విధి అన్నమాట.

1994 జూన్ 12న ఆయన గతించారు. ఆ పీఠానికి మరో గురువు రాలేదు. అయినా ఆయన పెట్టిన పనులు ఆగలేదు. ఏటా వారి పంచాంగం ప్రకారం తమ్మూజ్ మాసం మూడో నాడు, న్యూయార్క్‌లోని ఆయన సమాధి దగ్గర వేలమంది ప్రార్థిస్తారు. తమ విన్నపాలు కాగితం మీద రాసి, చదువుకుని, చింపి అక్కడ వదులుతారు. ఆ రోజున దానం చేస్తారు, ఏదో ఒక మంచి పనికి పూనుకుంటారు.

మన ఇళ్ళలోనూ పెద్దల తిథులొస్తాయి కదా. వంటలతోపాటు, వారి పేరున ఒక పేదపిల్ల పుస్తకాలకు సాయం చేద్దాం. వారు మెచ్చుకునే పని అదే కదండీ.