కిడ్స్ స్కూటర్: పెద్ద పిల్లలకు మూడు చక్రాల స్కూటర్ కొంటున్నారా? వయసు కాదు.. ముందు ఈ అంకె చూడండి!

సాయంత్రం స్కూల్ బస్సు దిగడమే ఆలస్యం.. అపార్ట్‌మెంట్ కింద పిల్లల స్కూటర్ల సందడి మొదలవుతుంది. చిన్న పిల్లల చేతుల్లో ఎక్కువగా కనిపించేది ముందు రెండు, వెనక ఒక చక్రం ఉండే కిక్ స్కూటర్. అసలు చిక్కంతా తొమ్మిది, పదేళ్ల పిల్లలతోనే. రెండు చక్రాల స్కూటర్ అంటే కొందరికి భయం. మూడు చక్రాలది కొందామంటే షాపులో చూపించేవన్నీ పొట్టి హ్యాండిల్ ఉన్నవే. దాంతో చాలా ఇళ్లలో తమ్ముడి స్కూటర్‌నే అక్క కూడా తొక్కేస్తుంటుంది. దెబ్బలు తగిలేది సరిగ్గా అక్కడే. మరి పెద్ద పిల్లలకు తేలికైన మూడు చక్రాల స్కూటర్‌ను ఎలా ఎంచుకోవాలి? తెలుసుకుందాం..

పెద్దయ్యాక కూడా మూడు చక్రాలా?

ఇది చాలామంది తల్లిదండ్రులకు వచ్చే సందేహమే. కానీ బ్యాలెన్స్ అందరు పిల్లలకూ ఒకే వయసులో రాదు. కాళ్లూ చేతులూ కలిపి కదిలించడం కొందరికి కాస్త ఆలస్యంగా వస్తుంది. ఒకసారి గట్టిగా పడ్డవాళ్లు మళ్లీ ఎక్కడానికి జంకుతారు. ఇలాంటి పిల్లలను రెండు చక్రాల మీదకు బలవంతంగా ఎక్కిస్తే రెండో రోజే మూలన పడేస్తారు. అదే మూడు చక్రాలైతే ఆగినా పక్కకు ఒరగదు. తోటి పిల్లలతో సమానంగా తిరగొచ్చు.

పెద్ద సైజులో ఇవి దొరకవన్నది అపోహే. స్విట్జర్లాండ్‌కు చెందిన మైక్రో కంపెనీ చిన్నారులకు మినీ, 5 నుంచి 12 ఏళ్ల వాళ్లకు మ్యాక్సీ పేరుతో వేర్వేరు మూడు చక్రాల స్కూటర్లు తయారు చేస్తోంది. ఏ కంపెనీది కొన్నా ఈ తేడానే వెతకాలి.

పెట్టె మీద వయసు కాదు, కిలోలు చూడండి

'3 నుంచి 10 ఏళ్లు' అని పెట్టె మీద పెద్దక్షరాలతో ఉంటుంది. ఎంత బరువు మోస్తుందన్నది మాత్రం ఏ మూలనో చిన్నగా రాస్తారు. చూడాల్సింది దాన్నే. పదేళ్ల పిల్లలు సాధారణంగా 30 కిలోల దగ్గర ఉంటారు. అక్కడి నుంచి ఏడాదికి రెండు, మూడు కిలోలు, ఎదిగే వయసులో అంతకంటే ఎక్కువే పెరుగుతారు. అంటే 35 కిలోల పరిమితి ఉన్న స్కూటర్ ఏడాది, రెండేళ్లకు మించి పనికిరాదు. స్పీడ్ బ్రేకర్ మీద నుంచి దూకిస్తే ఆ క్షణంలో పడే భారం పిల్లల బరువు కంటే చాలా ఎక్కువ. అందుకే కనీసం 50 కిలోలు మోసేది తీసుకోవడం మంచిది. ఇప్పటికే 40 దాటిన పిల్లలకైతే ఇంకా ఎక్కువ పరిమితి ఉన్నది చూడాలి.

యూరప్ ప్రమాణాల ప్రకారం తయారైన వాటి మీద 'ఈఎన్ 71' అని ఉంటే అది బొమ్మ స్కూటర్ కిందకు వస్తుంది. అందులో 20 కిలోల లోపు పిల్లలకు, 50 కిలోల లోపు పిల్లలకు అని రెండు రకాలున్నాయి. ఏ రకమో చదివాకే కొనండి.

హ్యాండిల్ పొట్టిదైతే బోర్లా పడతారు

పిల్లలు స్కూటర్ మీద నిలబడ్డాక హ్యాండిల్ బొడ్డుకు, ఛాతీకి మధ్య ఉండాలి. 135 సెంటీమీటర్ల ఎత్తున్న పాపకైతే నేల నుంచి సుమారు 85 నుంచి 95 సెంటీమీటర్లు. అంతకంటే తక్కువైతే ముందుకు వంగి తొక్కుతారు. బరువంతా ముందు చక్రాల మీద పడుతుంది. చిన్న రాయి అడ్డుపడితే చాలు, స్కూటర్ ఆగిపోతుంది.. పిల్లలు ముందుకు ఎగిరిపడతారు.

కొనే రోజుకే హ్యాండిల్‌ను చివరి మెట్టు దాకా లాగాల్సి వస్తే ఆ స్కూటర్ వద్దు. ఇంకా రెండు మెట్లు మిగిలి ఉండాలి.

మోసేది ఎవరు?

పార్కు దాకా తొక్కుతూ వెళ్తారు.. తిరిగి వచ్చేటప్పుడు అది అమ్మ చేతికో, తాతయ్య చేతికో వస్తుంది. లిఫ్ట్ లేని మూడో అంతస్తు అయితే ఇక చెప్పక్కర్లేదు. పెద్ద పిల్లల మూడు చక్రాల స్కూటర్లలో తేలికైనవి రెండున్నర కిలోల దగ్గర ఉంటాయి. మొత్తం ఇనుముతో చేసినవి దాదాపు రెట్టింపు తూగుతాయి. అల్యూమినియం హ్యాండిల్ ఉంటే బరువు తగ్గుతుంది. కానీ తేలిక పేరుతో పల్చటి ప్లాస్టిక్ పలక ఉన్నది తీసుకోవద్దు. పిల్లలు ఎక్కి నిలబడితే పలక మధ్యలో కిందకు వంగకూడదు.

చక్రాలు, మలుపు, బ్రేక్

పాలీయురెథేన్, అంటే పీయూ చక్రాలు నేలను బాగా పట్టుకుంటాయి. గట్టి ప్లాస్టిక్ చక్రాలు టైల్స్ మీద జారతాయి, సీసీ రోడ్డు మీద గడగడలాడతాయి. ముందు చక్రాలు ఎంత పెద్దవైతే గతుకుల్లో అంత నయం. 120 మిల్లీమీటర్ల చక్రాలైతే మంచిది.

ఈ స్కూటర్లలో ఎక్కువ వాటికి సైకిల్‌లా హ్యాండిల్ తిప్పితే మలుపు తిరగదు. ఎటు వెళ్లాలంటే అటు ఒంటిని వాల్చాలి. సైకిల్ అలవాటున్న పిల్లలు మొదట్లో తికమక పడతారు. స్పీడ్‌లో ఒక్కసారిగా మలుపు తిప్పబోతే మూడు చక్రాల బండి కూడా పక్కకు పడిపోతుంది. మూడు చక్రాలంటే పడదని కాదు, ఇది పిల్లలకు ముందే చెప్పాలి.

బ్రేక్ వెనక చక్రం మీద కాలితో నొక్కేదే. వానలో తడిస్తే సరిగా పట్టదు. పెద్ద పిల్లల బరువుకు, వేగానికి ఆగడానికి ఎక్కువ దూరం కావాలి.

ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి

14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు మన దేశంలో 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. బొమ్మగా అమ్మే స్కూటర్ మీద ఆ గుర్తు, దాని కింద లైసెన్స్ నంబర్ ఉన్నాయేమో చూడండి. ఫోన్‌లో 'బీఐఎస్ కేర్' యాప్‌లో ఆ నంబర్ కొడితే లైసెన్స్ ఎవరిదో, ఏ వస్తువుకో తెలిసిపోతుంది. ఆన్‌లైన్‌లో ఆఫర్ చూసి ఆర్డర్ పెట్టే ముందు ఇదొక్కటి మరిచిపోవద్దు.

షాపులో ఐదు నిమిషాల పరీక్ష

- పిల్లలను వెంట తీసుకెళ్లండి. ఎక్కించి పది అడుగులు తొక్కించండి.
- హ్యాండిల్ పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపండి. లాక్ దగ్గర లొడలొడమంటే వద్దు.
- స్కూటర్ ఎత్తి చక్రాన్ని వేలితో తిప్పండి. చప్పుడు లేకుండా కాసేపు తిరగాలి.
- మడత పెట్టే చోట వేలు నలిగే సందు ఉందేమో చూడండి.
- చక్రాలు, లాక్ విడిగా దొరుకుతాయా అని అడగండి.
- చివరగా, పిల్లలే ఒంటి చేత్తో ఎత్తి నాలుగు మెట్లు ఎక్కగలరేమో చూడండి.

కొన్నాక అసలు జాగ్రత్త

8 ఏళ్లలోపు పిల్లలు పెద్దవాళ్లు దగ్గర లేకుండా స్కూటర్ తొక్కకూడదన్నది అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సూచన. 8 దాటితే వదిలేయొచ్చని కాదు. మన దగ్గర పెద్ద ప్రమాదం సెల్లార్ ర్యాంప్. కిందికి జారే సరదాలో పిల్లలు, పైకి ఎక్కే తొందరలో కారు డ్రైవర్.. స్తంభాల చాటున ఒకరికొకరు కనిపించరు. ర్యాంప్ వద్దు, గేటు బయట వద్దు అన్న రెండు మాటలు మొదటి రోజే చెప్పాలి. హెల్మెట్, మోకాలి ప్యాడ్లు స్కూటర్‌తో పాటే కొనాలి. హెల్మెట్ కనుబొమలకు రెండు వేళ్ల పైన కూర్చోవాలి, పట్టీ వదులుగా వేలాడకూడదు. నెలకోసారి నట్లు బిగించాలి.

పక్కింటి పిల్లాడు రెండు చక్రాల మీద వెళ్తున్నాడని మీ పాపను తొందరపెట్టొద్దు. సైజు సరిపోయి, బరువు మోయగలిగేదైతే మూడు చక్రాల స్కూటర్ పెద్ద పిల్లలకూ చక్కగా పనికొస్తుంది. బ్యాలెన్స్ మీద ధైర్యం వచ్చిన రోజు రెండు చక్రాలది కావాలని వాళ్లే అడుగుతారు.