ఫతోర్దా రాత్రి: కప్పు వచ్చింది, జట్టు నిలవలేదు

2015 డిసెంబర్ 20, ఆదివారం. గోవాలోని ఫతోర్దా స్టేడియం. ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్ ఆఖరి ఘట్టానికి చేరింది. 87వ నిమిషంలో ఎఫ్‌సీ గోవా రెండో గోల్ కొట్టి 2-1తో ముందుకెళ్లింది. సొంత మైదానం, సొంత జనం. కప్పుకీ గోవాకీ మధ్య మూడు నాలుగు నిమిషాలే మిగిలాయి.

90వ నిమిషంలో చెన్నయిన్ ఆటగాళ్లు గోల్ మీదికి దూసుకొచ్చారు. ఆ తోపులాటలో బంతి గోవా గోల్ కీపర్‌కు తగిలి సొంత వలలోకే వెళ్లింది. స్కోరు 2-2. జనం తేరుకునేలోపే చెన్నయిన్ ఆటగాడు మెండోజా మరో గోల్ కొట్టాడు. కప్పు చెన్నైకి వెళ్లిపోయింది. స్కోరు పట్టికలో సెల్ఫ్ గోల్ ఎదుట ఆ కీపర్ పేరు పడింది. లక్ష్మీకాంత్ కట్టిమని.

ఫార్వర్డ్ పది అవకాశాలు పోగొట్టుకుని పదకొండోది గోల్ చేస్తే వీరుడవుతాడు. కీపర్ పది బంతులు ఆపి పదకొండోది వదిలితే అదొక్కటే జనానికి గుర్తుంటుంది. ఆ భారం కట్టిమని ఆరేళ్లకు పైగా మోశాడు. దాన్ని దించుకునే రాత్రి అదే మైదానంలో, మరో జట్టు చొక్కాలో వచ్చింది. ఆ చొక్కా మీదున్న పేరు హైదరాబాద్.

రహీం మాస్టారి ఊరు

ఫుట్‌బాల్ హైదరాబాద్‌కు కొత్తది కాదు. 1909లో జర్మనీ బొగ్గు, ఉక్కు పట్టణం డోర్ట్‌మండ్‌లో కొందరు కుర్రాళ్లు కలిసి బొరుస్సియా క్లబ్ పెట్టారు; ఆ క్లబ్ ఈ కథలోకి తర్వాత వస్తుంది. హైదరాబాద్ ఫుట్‌బాల్ గురువు సయ్యద్ అబ్దుల్ రహీం పుట్టింది కూడా ఆ ఏడాదే. బడిపంతులుగా బతుకు మొదలుపెట్టిన రహీం 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు శిక్షణ చేపట్టాడు. ఆ ఏడాది నుంచి 1954 దాకా బొంబాయి రోవర్స్ కప్‌ను ఆ జట్టు వరుసగా ఐదుసార్లు గెలిచింది. రహీం నడిపిన భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ జట్టులో ఆడాడు. 1963 జూన్‌లో రహీం కన్నుమూశాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఆట ఒక్కో మెట్టే దిగిపోయింది.

2019 ఆగస్టులో పుణె సిటీ జట్టు స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. గచ్చిబౌలి బాలయోగి స్టేడియం సొంత మైదానమైంది. తొలి మ్యాచ్‌లోనే కోల్‌కతాలో ఏటీకే చేతిలో 0-5తో ఓటమి. ఆ సీజన్‌లో 18 మ్యాచ్‌లు ఆడి రెండే గెలిచి, పది పాయింట్లతో అట్టడుగున నిలిచింది. మధ్యలో కోచ్ ఫిల్ బ్రౌన్‌ను తప్పించారు. తర్వాత వచ్చిన ఆల్బర్ట్ రోకా బార్సిలోనా నుంచి పిలుపు రావడంతో వెళ్లిపోయాడు.

2020 ఆగస్టులో రెండు ముఖ్యమైన పనులు జరిగాయి. ఒకటి, డోర్ట్‌మండ్ క్లబ్‌తో భాగస్వామ్య ఒప్పందం. రెండోది, స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ రాక. మనోలో పేరున్న తారల వెంట పడలేదు. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటి కుర్రాళ్లను నమ్మి మైదానంలోకి దింపాడు. మొదటి సీజన్‌లో జట్టు 29 పాయింట్లతో ఐదో స్థానంలో నిలిచింది. ప్లేఆఫ్‌కు ఒక్క మెట్టు కింద ఆగిపోయింది.

ఇంటికి దూరంగా లీగ్

2021-22 సీజన్. కోవిడ్ కారణంగా పదకొండు జట్లనూ గోవాలోనే బయో బబుల్‌లో ఉంచారు. హోటల్, బస్సు, మైదానం, మళ్లీ హోటల్. ఖాళీ గ్యాలరీల ముందు ఆట. హైదరాబాద్‌కు బాంబోలిమ్ మైదానమే సొంతిల్లయింది. ఆ సీజన్ మొత్తంలో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా హైదరాబాద్ గడ్డ మీద జరగలేదు.

నవంబర్ 23న తొలి మ్యాచ్. చెన్నయిన్ చేతిలో 0-1తో ఓటమి. నాలుగు రోజులకే డిఫెండింగ్ చాంపియన్ ముంబై సిటీని 3-1తో ఓడించారు. డిసెంబర్‌లో నార్త్‌ఈస్ట్ మీద 5-1. జనవరి 24న ఈస్ట్ బెంగాల్ మీద 4-0. అందులో మూడు గోల్స్ బార్తలోమ్యూ ఓగ్బెచేవి. నైజీరియా తరఫున 2002 ప్రపంచకప్ ఆడిన ఈ ఫార్వర్డ్‌కు అప్పటికి 37 ఏళ్లు. కుర్రాళ్లంత వేగం లేదు. బంతి ఎక్కడ పడుతుందో మాత్రం అందరికంటే అర సెకను ముందే తెలిసేది. సీజన్ ముగిసేసరికి 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ అందుకున్నాడు. లీగ్ చరిత్రలోనే అత్యధిక గోల్స్ వీరుడయ్యాడు.

20 మ్యాచ్‌లు. 11 గెలుపులు, 5 డ్రాలు, 4 ఓటములు. 38 పాయింట్లతో రెండో స్థానం. 43 పాయింట్లతో అగ్రస్థానంలో నిలిచిన జంషెడ్‌పూర్‌కు లీగ్ షీల్డ్ దక్కింది. కప్పు ఇంకా మిగిలే ఉంది.

మార్చి 12న సెమీఫైనల్ మొదటి అంకం. ఏటీకే మోహన్ బగాన్ తరఫున రాయ్ కృష్ణ ముందుగా గోల్ కొట్టాడు. విరామానికి ముందు ఓగ్బెచే సమం చేశాడు. రెండో సగంలో హైదరాబాద్ తరఫున యాసిర్, సివేరియో చెరో గోల్ సాధించారు. 3-1. నాలుగు రోజుల తర్వాత రెండో అంకంలో 0-1తో ఓడినా, మొత్తం 3-2తో హైదరాబాద్ తొలిసారి ఫైనల్ చేరింది.

120 నిమిషాలు, ఆపై పెనాల్టీలు

2022 మార్చి 20. మళ్లీ ఆదివారం. మళ్లీ ఫతోర్దా.

రెండేళ్ల తర్వాత గ్యాలరీలకు జనం వచ్చారు. ఎటు చూసినా పసుపే. ఆ పసుపు కేరళ బ్లాస్టర్స్ అభిమానులది. అయితే ఆ రాత్రి లెక్క ప్రకారం ఆతిథ్య జట్టు హైదరాబాద్. పసుపు చొక్కా వాళ్లకే దక్కింది, కేరళ నలుపులో దిగింది. తమ రంగు వేసుకున్న ప్రత్యర్థిని వేల గొంతులు ఎగతాళి చేస్తుంటే, హైదరాబాద్ ఆటగాళ్లు ఆ హోరులోనే ఆడారు.

మొదటి సగంలో అల్వారో వాజ్‌క్వెజ్ కొట్టిన షాట్ హైదరాబాద్ క్రాస్‌బార్‌కు తగిలి బయటికొచ్చింది. అరచేతి వెడల్పు కిందికి దిగి ఉంటే గోలే. విరామానికి 0-0.

68వ నిమిషం. కేరళ కుర్రాడు కె.పి. రాహుల్ బంతి అందుకుని ముందుకొచ్చి బలంగా కొట్టాడు. కట్టిమని దూకాడు. బంతి చేతికి తగిలింది, ఆగలేదు. వలలో పడింది. 1-0. కేరళ అప్పటికే 2014లో, 2016లో ఫైనల్స్ ఓడి ఉంది. మూడోసారైనా కప్పు దక్కబోతోందని గ్యాలరీ ఊగిపోయింది. అదే మైదానం, అదే ఫైనల్, మళ్లీ ఆ కీపర్ చేతిని తాకి వలలోకెళ్లిన బంతి. ఆరేళ్ల కిందటి గాయం తెలిసినవారికి ఆ క్షణం ఎంత బరువో తెలుస్తుంది.

గడియారం నడుస్తోంది. 75. 80. 85.

88వ నిమిషంలో కేరళ రక్షకులు తలతో నెట్టిన బంతి పెనాల్టీ ప్రాంతం అంచున పడింది. అక్కడ సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన గోవా కుర్రాడు సాహిల్ తవోరా ఉన్నాడు. బంతిని నేలకు తాకనివ్వకుండానే కొట్టాడు. ఆ సీజన్ గోల్డెన్ గ్లవ్ గెలిచిన కేరళ కీపర్ ప్రభ్‌సుఖన్ గిల్ నిలువెల్లా చాచి దూకినా అందలేదు. 1-1. పసుపు గ్యాలరీ ఒక్కసారిగా మూగబోయింది. అదనపు అరగంటలో ఎవరికీ గోల్ రాలేదు.

ఇక పెనాల్టీలు. కట్టిమని గీత మీద నిలబడ్డాడు.

కేరళ తరఫున ముందుగా లెస్కోవిచ్. కట్టిమని ఆపాడు. హైదరాబాద్ కెప్టెన్ జావో విక్టర్ గోల్ చేశాడు. తర్వాత నిషు కుమార్. కట్టిమని మళ్లీ ఆపాడు. అయితే కీపర్ గీత దాటి ముందుకొచ్చాడని రిఫరీ మళ్లీ కొట్టమన్నాడు. నిషు మళ్లీ కొట్టాడు. కట్టిమని మళ్లీ ఆపాడు. సివేరియో తన అవకాశాన్ని పోగొట్టుకున్నాడు. కేరళ తరఫున ఆయుష్ అధికారి గోల్ చేశాడు. హైదరాబాద్ తరఫున ఖాసా కమారా బదులిచ్చాడు. జీక్సన్ సింగ్ వచ్చాడు. కట్టిమని ఆపాడు. చివరికి హాలీచరణ్ నర్జరీ. బంతి వలలోకి.

3-1. హైదరాబాద్ చాంపియన్. ఆ రాత్రి ఆటకు వీరుడు కట్టిమని. ఏ మైదానం ఆరేళ్ల కిందట ఆయన్ని తలదించుకునేలా చేసిందో, ఆ మైదానమే తలెత్తుకుని నడవనిచ్చింది.

తర్వాతి కథ

కథ ఇక్కడ ముగిస్తే అందంగా ఉంటుంది. కానీ ఇది జరిగిన కథ.

మరుసటి సీజన్‌లోనూ జట్టు బాగా ఆడింది. డ్యూరాండ్ కప్‌లో సెమీస్ దాకా వెళ్లి బెంగళూరు చేతిలో 0-1తో ఓడింది. లీగ్‌లో 42 పాయింట్లతో మళ్లీ రెండో స్థానం. సెమీస్‌లో ఏటీకే మోహన్ బగాన్‌తో రెండు అంకాలూ 0-0గా ముగిసి, పెనాల్టీల్లో ఓటమి. ఆ తర్వాత మనోలో వెళ్లిపోయాడు. బకాయిలు పేరుకుపోయాయి. కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం పడింది. ఉన్నవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 2023-24లో మిగిలిన కుర్రాళ్లే 22 మ్యాచ్‌లు ఆడి ఒక్కటంటే ఒక్కటి గెలిచారు. కప్పు గెలిచిన రెండేళ్లకే అట్టడుగు స్థానం. 2024లో యాజమాన్యం మారింది. 2025లో క్లబ్ ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. హైదరాబాద్ పేరే చెరిగిపోయింది.

చేయి కలిపిన డోర్ట్‌మండ్ కథ కూడా ఇక్కడ చెప్పుకోవాలి. అదీ ఒకప్పుడు ఇదే గోతిలో పడింది. తారల కోసం అప్పులు చేసింది. స్టేడియాన్ని సైతం ఒక పెట్టుబడి నిధికి అమ్ముకుంది. 2005 నాటికి దివాలా అంచున నిలిచింది. ఆ ఏడాది మార్చి 14న డ్యూసెల్‌డార్ఫ్ విమానాశ్రయంలో జరిగిన సమావేశంలో ఆ నిధి మదుపరులు గడువుకు ఒప్పుకోబట్టి క్లబ్ బతికింది. తర్వాత యూర్గెన్ క్లాప్ వచ్చి కుర్రాళ్లతో జట్టు కట్టాడు. 2011-12లో 81 పాయింట్లతో లీగ్ గెలిచింది. 2012 మే 12న బెర్లిన్‌లో బయెర్న్ మ్యూనిక్‌ను 5-2తో ఓడించి జర్మన్ కప్ కూడా ఎత్తింది. లెవాండోవ్‌స్కీ ఒక్కడే మూడు గోల్స్ కొట్టాడు. లీగ్, కప్ ఒకే ఏడాది గెలవడం ఆ క్లబ్ చరిత్రలో అదే మొదటిసారి.

గోతిలో పడ్డ డోర్ట్‌మండ్ ఊరు దాటిపోలేదు. హైదరాబాద్ ఎందుకు పోయింది? జర్మనీలో ఒకటి రెండు మినహాయింపులు తప్ప, క్లబ్ ఓట్లలో సగానికి పైన కనీసం ఒక్కటైనా సభ్యుల సంఘం చేతిలో ఉండాలన్నది నియమం. డబ్బు ఎవరు పెట్టినా పగ్గాలు ఊరివాళ్లవే. డోర్ట్‌మండ్‌కు నేడు రెండు లక్షలకు పైగా సభ్యులున్నారు. దక్షిణ గ్యాలరీలో దాదాపు 25 వేల మంది నిలబడి ఆట చూస్తారు. ఆ క్లబ్‌ను ఎత్తుకెళ్లడం ఏ యజమాని తరమూ కాదు. హైదరాబాద్ ఎఫ్‌సీకి అభిమానులుండేవారు, సభ్యులు ఉండేవారు కాదు. ఫతోర్దాలో దిగిన పదకొండు మందిలో తెలుగు నేల కుర్రాడు ఒక్కడూ లేడు. వేళ్లు దిగని చెట్టు కాయలు కాసింది, గాలి రాగానే కూలింది.

కర్నూలు, కడపలకు ఒక మాట

హైదరాబాద్ ఎఫ్‌సీ కథ మనకెందుకు అంటారా? 1956లో రాజధానిని హైదరాబాద్‌కు అప్పగించిన ఊరు కర్నూలు. ఎక్కడో కట్టింది మనదనుకోవడం, అది మన చేతిలో లేదని ఆలస్యంగా తెలుసుకోవడం సీమవాళ్లకు కొత్త కాదు. అందుకే ఈ కథ మనకే ఎక్కువ పనికొస్తుంది.

డోర్ట్‌మండ్ ఒకప్పుడు గనుల ఊరు, ఉక్కు కార్మికుల ఊరు. మనకూ బేతంచెర్ల నాపరాళ్లున్నాయి, మంగంపేట ముగ్గురాయి ఉంది, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. కష్టం చేసే జనం ఉన్నారు, పరుగెత్తే పిల్లలున్నారు. పక్కనున్న అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన ఆర్డీటీ సంస్థ, అంతే కరువు నేలలో, ఆడపిల్లలతో సహా పల్లె పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతోంది. నీళ్లు లేవు, పచ్చిక పెరగదు అన్న మాట అక్కడ సాకు కాలేదు.

కర్నూలులో, నంద్యాలలో, ఆదోనిలో, కడపలో, ప్రొద్దుటూరులో కాలేజీ మైదానాలున్నాయి. ఎండలు తగ్గిన డిసెంబర్, జనవరి నెలల్లో ఈ ఊళ్ల జట్ల మధ్య లీగ్ నడపడానికి కోట్లు అక్కర్లేదు. కావలసింది ఊరికొక క్లబ్, ఏడాదికి నూరో రెండు నూర్లో చందా కట్టే సభ్యులు, ఏటా లెక్కలు చెప్పే కమిటీ, ఆ కమిటీని ఎన్నుకునే ఓటు. వ్యాయామ ఉపాధ్యాయులు ముందుకు రావాలి. వ్యాపారులు బంతులు, బూట్లు కొనివ్వాలి. తల్లిదండ్రులు సాయంత్రం ఒక గంట పిల్లల్ని మైదానానికి వదలాలి.

కట్టిమని లాంటి ఆటగాడు ఒక రాత్రి కప్పు గెలిపించగలడు. జట్టును ఊళ్లో నిలపగలిగేది మాత్రం ఊరి జనమే. ఈ డిసెంబర్‌కల్లా మీ ఊళ్లో ఒక క్లబ్ మొదలుపెట్టండి. మొదటి చందా మీరే కట్టండి.