ఉన్నత విద్య: సీనియర్ నోట్సు నుంచి ‘స్వయం’ దాకా

మన సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఉన్నత విద్యలో వచ్చిన మార్పుల గురించి రాయమని మిత్రులు అడిగారు. ముప్పై మూడేళ్లు డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. ఇందులో కొంత నేను చదివింది, కొంత నాకు జరిగింది.

మన బడిలో పది పూర్తిచేసి కాలేజీకి వెళ్లిన మా తరానికి పుస్తకాలే కరువు. లైబ్రరీలో ఒక్కో టెక్స్టుబుక్కుకు రెండు మూడు ప్రతులుంటే గొప్ప. అందుకే సీనియర్ నోట్సు చేతులు మారుతూ వచ్చేది. హాస్టల్ వరండాలో ఒకడు చదువుతుంటే మిగతావాళ్లం రాసుకునేవాళ్లం. మధ్యలో ఎవడో ఒకడు “ఇది ఎలా వచ్చిందిరా?” అని అడిగేవాడు. నాకు సగం ఫిజిక్స్ ఆ వరండాలోనే వచ్చింది.

పుస్తకాన్ని మనిషి దగ్గరికి చేర్చాలన్న ఆరాటం తెలుగువారికి కొత్త కాదు. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901లోనే వెలిసింది. అయ్యంకి వెంకటరమణయ్య వంటివారి కృషితో 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. 1935లో కృష్ణా డెల్టా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు.

కాలేజీ చదువును ఇంటికి చేర్చే ప్రయత్నం తర్వాత మొదలైంది. 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయం కరస్పాండెన్స్ కోర్సులు పెట్టింది. 1982లో హైదరాబాదులో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది. ఇప్పుడది డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరుతో ఉంది. ఇంటర్ లేనివారు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు కల్పించింది. ఆ స్టడీ సెంటర్‌లో ఆదివారాలు కొన్నేళ్లు పాఠాలు చెప్పాను. పుస్తకాలు ఇంటికే అందినా ఉద్యోగస్తులు, గృహిణులు బస్సులెక్కి వచ్చేవారు. నా పాఠం కన్నా ఎక్కువగా, పాఠమయ్యాక చెట్టు కింద ఒకరినొకరు అడిగి తెలుసుకోవడానికే వస్తున్నారని నాకు తర్వాత అర్థమైంది.

1995 ఆగస్టు 15న మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చింది. అమెరికాలోని ఎమ్‌ఐటీ తన కోర్సుల సామగ్రిని అందరికీ ఉచితంగా పెడతామని 2001లో ప్రకటించింది. 2003లో ఏడు ఐఐటీలు, బెంగళూరులోని ఐఐఎస్‌సీ కలిసి ఎన్‌పీటీఈఎల్ మొదలుపెట్టాయి. ఐఐటీ ప్రొఫెసర్ పాఠాన్ని ఎక్కడివాళ్లయినా వినగలిగే రోజు వచ్చింది.

ఆ రోజు 2010లో నా క్లాసుకూ వచ్చింది. ఎంట్రోపీ పాఠం చెబుతున్నాను. ఇచ్చిన ఉష్ణాన్ని ఉష్ణోగ్రతతో భాగిస్తే ఎంట్రోపీ మార్పు వస్తుందని నోట్సు చెప్పించాను. వెనక బెంచీ కుర్రాడు లేచి, “సార్, వాయువును ఖాళీలోకి వదిలితే మనం వేడి ఇవ్వడం లేదు కదా, మరి ఎంట్రోపీ ఎందుకు పెరుగుతుంది?” అన్నాడు. రేపు చెబుతానన్నాను. ఆ రాత్రి పుస్తకాలు తీశాను. ఆ సూత్రం రివర్సిబుల్ మార్పుకే వర్తిస్తుంది. వరండాలో ఎత్తిరాసుకున్న నోట్సులో ఆ ఒక్క మాట జారిపోయింది. అదే నోట్సు నేను దాదాపు ముప్పై ఏళ్లు చెప్పించాను. ఎంతమంది చేత తప్పు రాయించానో!

మర్నాడు క్లాసులో ఒప్పుకున్నాను. నెట్ సెంటర్‌లో దించుకున్న ఐఐటీ పాఠం వినడంతో ఆ అబ్బాయికి సందేహం వచ్చిందట. పెన్‌డ్రైవ్ తెచ్చిచ్చాడు. అప్పటినుంచి సాయంత్రాలు ల్యాబ్‌లో పదిమందిమి కూర్చుని ఆ పాఠాలు చూశాం. పాఠం ఇంగ్లీషులో, ఆపి ఆపి మా వాదనలు తెలుగులో. తెర మీద ప్రొఫెసర్ ఉన్నా, నేను అక్కరలేని మనిషిని కాలేదు.

ప్రపంచ అనుభవమూ ఇలాగే ఉంది. 2008లో కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయంలో జార్జ్ సీమెన్స్, స్టీఫెన్ డౌన్స్ నడిపిన కోర్సులో ఫీజు కట్టినవారు పాతిక మంది, ఉచితంగా చేరినవారు రెండు వేల పైచిలుకు. జ్ఞానం మనుషుల మధ్య సంబంధాల్లో పెరుగుతుందన్నది వారి సిద్ధాంతం. 2011లో స్టాన్‌ఫర్డ్ అధ్యాపకులు కృత్రిమ మేధపై ఉచిత కోర్సు పెడితే సుమారు 1,60,000 మంది చేరారు. పూర్తి చేసినవారు ఇరవై వేల పైచిలుకే. పాఠం అందినంత మాత్రాన చదువు పూర్తికాదు.

మన దేశంలో 2017లో ‘స్వయం’ మొదలైంది. ఇలాంటి కోర్సులకు 20 శాతం దాకా క్రెడిట్లు ఇవ్వవచ్చని 2016లో యూజీసీ నిబంధన తెచ్చింది. 2021లో 40 శాతానికి పెంచింది. ఎన్‌పీటీఈఎల్ కాలేజీల్లో స్థానిక కేంద్రాలు పెట్టి, పిల్లలకు తోడుగా మెంటర్లను ఉంచుతోంది. అంటే మా హాస్టల్ వరండా మళ్లీ అవసరమైందన్నమాట. ఈసారి నోట్సులో మాట జారిపోతే పట్టుకునే దారి కూడా ఉంది.

సంఘానికి ఒక్క మనవి. స్వర్ణోత్సవ గుర్తుగా ఏదైనా కట్టాలనుకుంటే, బడి లైబ్రరీ పక్క గదికి నెట్ కనెక్షన్, రెండు కంప్యూటర్లు పెట్టిద్దాం. మన ఊరి నుంచి కాలేజీలకు వెళ్తున్న పిల్లలు వచ్చి కలిసి చదువుకుంటారు. వారానికొక పూర్వ విద్యార్థి వాళ్లతో కూర్చుంటే చాలు. మొదటి ఆదివారం నేను వస్తాను. ఆ పాత నోట్సూ తెస్తాను, తప్పులు పట్టడానికి.