ప్లాటినం చోట మసి

2006. స్విట్జర్లాండ్‌లోని లోజాన్ నగరం, శాస్త్రవేత్త మైకేల్ గ్రాట్జెల్ ప్రయోగశాల. చిన్న గాజుపలక మీద నల్లటి ముద్దను పూస్తున్నారు. అద్దంలా మెరిసే ప్లాటినం ఉండాల్సిన చోట, మసి!

పని చేస్తుందా?

రంగుతో నడిచే సోలార్ సెల్‌లో వెలుగు పడగానే రంగు అణువు ఒక ఎలక్ట్రాన్‌ను వదిలేస్తుంది. ఆ లోటును అయోడైడ్ పూడ్చి, తాను ట్రైఅయోడైడ్ అవుతుంది. తీగల్లో తిరిగొచ్చిన ఎలక్ట్రాన్‌ను దానికి అప్పజెప్పి మళ్లీ అయోడైడ్‌గా మార్చే బాధ్యత ఎదుటి పలకది. ప్లాటినానికి అది చిటికెలో పని. చదరపు సెంటీమీటరుకు కొన్ని మైక్రోగ్రాములు చాలు. అంత కొంచెమే అయితే ఈ తంటా ఎందుకంటారా? ఊళ్ల కప్పులన్నీ పరచాలంటే ఆ కొంచెమే కొండవుతుంది.

ఈ పనిలో మసి, అంటే కార్బన్ నుసి, మందకొడి. కానీ జనగామ దగ్గరి పాలకుర్తిలో ఆముదం దీపం మీద పట్టిన కాటుక చూసిన అమ్మమ్మలకు తెలుసు, అదెంత మెత్తని నుసో. నుసి ఎంత సన్నమైతే ఉపరితలం అంత ఎక్కువ. పూత పలుచనైతే కరెంటుకు అడ్డంకి. అందుకే మందం పెంచుకుంటూ పోయారు. పద్నాలుగున్నర మైక్రాన్ల దగ్గర సామర్థ్యం 9.1 శాతం! అంతకు పదేళ్ల ముందు, 1996లో, ఇదే ల్యాబ్‌లో ఆంద్రియాస్ కే, గ్రాట్జెల్ కార్బన్‌తో సాధించింది 6.7.

జపాన్ శాస్త్రవేత్త మురకామి పేరు ముందున్న ఆ 2006 పరిశోధన పత్రంలో మనవాడొకరు ఉన్నారు: ఉస్మానియాలో కెమిస్ట్రీ చదివిన మహమ్మద్ ఖాజా నజీరుద్దీన్. 1993లో సెల్‌ను పది శాతానికి చేర్చిన రుథీనియం రంగు పత్రంలో మొదటి పేరు ఆయనదే. పాలకుర్తి నుంచి జనగామ మీదుగా ఉస్మానియాకు వెళ్లే ఎమ్మెస్సీ పిల్లల్లో ఎందరికి ఈ పేరు తెలుసు? నాకైతే అనుమానమే.

2009లో మరో ఉస్మానియా పీహెచ్‌డీ, షేక్ మహమ్మద్ జకీరుద్దీన్ వంతు. ప్లాటినం పూతను మామూలుగా 400 డిగ్రీల దగ్గర కాల్చాలి; ప్లాస్టిక్ తట్టుకోదు. ఆయన ఉన్న బృందం కోబాల్ట్ సల్ఫైడ్‌ను కరెంటుతోనే వంగే ప్లాస్టిక్ షీటు మీద పేర్చింది. వచ్చింది 6.5 శాతమే, అయితేనేం, ప్లాటినంతో భుజం భుజం కలిపింది.

2014లో గ్రాట్జెల్ ల్యాబ్ 13 శాతం అందుకుంది. అయోడిన్ స్థానంలో కోబాల్ట్, ప్లాటినం స్థానంలో గ్రాఫీన్ రేకులు. రచయితల్లో నజీరుద్దీన్ మళ్లీ ఉన్నారు.